కూర్చుంటే కుంగే బెంచీ

పెళ్ళయ్యాక సౌగంధికి ఈ లోకంలో దొరకనిది ఒక్కటే మిగిలింది. కూర్చోడానికి చోటు.

అత్తవారింట్లో చోటు లేదని కాదు. రేవులపాడులో వాళ్ళది విశాలమైన ఇల్లే. హాల్లో సోఫా ఉంది, దాని మీద మామగారు పేపరు పరుచుకుని ఉంటారు. వరండాలో ఉయ్యాలబల్ల ఉంది, దాని మీద బామ్మగారు వత్తులు చేసుకుంటూ ఉంటారు. వంటింట్లో ముక్కాలిపీట ఉంది, దాని పక్కనే అత్తయ్యగారు ఉంటారు. అందరూ మంచివాళ్ళే. ఎంత మంచివాళ్ళంటే, కొత్త దంపతులిద్దరూ ఎక్కడైనా పక్కపక్కన కూర్చుంటే పాపం వాళ్ళకి ఊసుపోదేమోనని ఎవరో ఒకరు వచ్చి మధ్యలో కూర్చుంటారు.

అందుకని సాయంత్రమయ్యేసరికి సౌగంధీ, ఆమె భర్త ఫణీంద్రా "కాస్త అలా తిరిగొస్తాం" అని చెప్పి కాలువగట్టు మీదికి వెళ్ళిపోయేవారు. ఫణీంద్ర జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద మాత్రమే సొట్ట పడుతుంది. ఆ సొట్ట గట్టుకి ఏ వైపు ఉంటే ఆ వైపు నడిచేది సౌగంధి. లాకుల దగ్గర నీళ్ళు దూకుతుంటే నిలబడి చూసేవారు. బజ్జీలు కొనుక్కుని నిలబడి తినేవారు. గట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క బెంచీ లేదు.

"కాపురానికి మోకాళ్ళు ఇంత గట్టిగా ఉండాలని నాకెవరూ చెప్పలేదు," అంది సౌగంధి ఒకనాడు, చెప్పు విప్పి మడమ నొక్కుకుంటూ.

"సిలబస్‌లో లేదు," అన్నాడు ఫణి.

ఇద్దరు కూర్చునే ఒక బెంచీ. ఆమె కోరిక అంతే. కాకపోతే సౌగంధి అందరిలా కోరుకుని ఊరుకునే మనిషి కాదు. డిజైను చదువుకుంది. పైగా రేవులపాడు పురపాలక సంఘంలో పట్టణ సౌందర్య సలహాదారుగా కాంట్రాక్టు ఉద్యోగం చేస్తోంది. అప్పటివరకూ ఆమె సలహా అడిగింది ఒక్క విషయంలోనే: రోడ్డు మధ్య డివైడరుకి పసుపు రంగు వెయ్యాలా, మరింత పసుపు రంగు వెయ్యాలా అని.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పట్టణ వీధులలోని సమస్త ఉపకరణములూ ఇకమీదట సహజ పదార్థములతో, చేతిపనితో, విడదీసి కలుపుకొను వీలుతో తయారు కావలెనని దాని సారాంశం. పైన ఎవరో పెద్దాయన ఒక వెదురు కుర్చీలో కూర్చుని చాలా సుఖపడ్డారనీ, లేచాక ఆ సుఖాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజెయ్యమన్నారనీ ఆఫీసులో చెప్పుకున్నారు.

కమిషనర్ వేదాద్రిగారు వెంటనే సమావేశం పెట్టారు. ఆయన ఉత్తర్వుల్ని చదివే పద్ధతి వేరు. ముందు కళ్ళజోడు తీసి, కాగితానికి చిన్న నమస్కారం లాంటిది చేసి, మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెడతారు.

"ఒక చిక్కుంది సార్," అన్నారు మునిసిపల్ ఇంజనీరు ముక్తేశ్వర్రావుగారు. "చేతిపని అంటే ఏ రెండూ ఒకేలా ఉండవు. విడదీసి కలపాలంటే అన్నీ ఒకేలా ఉండాలి. ఉత్తర్వులో రెండూ ఉన్నాయి."

"రెండూ ఉన్నాయంటే రెండూ సాధ్యమేనని అర్థం," అన్నారు కమిషనర్‌గారు. కాసేపు ఫ్యాను వైపు చూశారు. "అన్నీ ఒకేలా ఉండాలి. అయితే మరీ ఒకేలా ఉన్న పక్షంలో యంత్రంతో చేయించామన్న అపోహకు ఆస్కారం ఏర్పడుతుంది. కాబట్టి ప్రతి దానిలోనూ ఒకే రకమైన తేడా ఉండేటట్లు చర్యలు తీసుకోవాలి."

ఇంజనీరుగారు తల ఊపి రాసుకున్నారు.

మొదట తాటాకు చెత్తబుట్టలు పెట్టారు. బుట్టలు చూడముచ్చటగా ఉన్నాయి. సౌగంధి వాటికి ఎర్రంచు కూడా అల్లించింది. మార్కెట్ వీధిలో ఆవులు ముందు చెత్త తిన్నాయి, ఆ తరవాత బుట్ట తిన్నాయి, ఎర్రంచు మాత్రం వదిలేశాయి. ఇంజనీరుగారు పైకి పంపిన నివేదికలో చెత్త సేకరణ నూరు శాతం పూర్తి అయినదనీ, చెత్తబుట్ట సైతం సేకరింపబడినదనీ రాశారు. పైనుంచి అభినందనలు వచ్చాయి.

ఆ అభినందనల వేడిలోనే సౌగంధి తన బెంచీ బొమ్మ కమిషనర్‌గారి బల్ల మీద పెట్టింది. తాటిదుంగ కాళ్ళు, వేపకర్ర చట్రం, చట్రం మీద నులక అల్లిక. మేకు లేదు, కర్ర చీలలే. కాళ్ళు వేరు, చట్రం వేరు, వీపు ఆనుకునేది వేరు, చేతులు పెట్టుకునేవి వేరు. కావలసినవి కావలసినట్టు తగిలించుకోవచ్చు. చట్రం ఇద్దరికి సరిపడా. పెట్టేది కాలువగట్టు మీద, లాకుల దగ్గర.

"ఇద్దరికే ఎందుకు?" అన్నారు కమిషనర్‌గారు.

"అంతకన్నా ఎక్కువమందైతే అది సమావేశం అవుతుంది సార్."

సమావేశాలంటే అనుమతి కావాలి కాబట్టి ఆ మాట ఆయనకి నచ్చింది.

నులక అల్లింది నూకరత్నం. గంజివీధిలో మంచాలు అల్లుతుంది. నోరు ఊరంతా వినిపిస్తుంది. సౌగంధి రోజూ వాళ్ళ పందిట్లో కూర్చుని చూసేది. తాడు ఒకసారి కింద నుంచీ, ఒకసారి పైనుంచీ వెళ్ళి చదరంగపు గళ్ళు పడుతుంటే ఆమెకి చప్పట్లు కొట్టాలనిపించేది. ఒకరోజు కొట్టింది కూడా.

"ఇద్దరికేనా అమ్మాయిగారూ?" అంది నూకరత్నం.

"ఇద్దరికే."

"కొత్తగా పెళ్ళయిందాండి?"

"అంతలా తెలిసిపోతోందా?"

"ఇద్దరికే అన్నప్పుడు గొంతు పలచబడిందండి," అంది నూకరత్నం, తాడు పళ్ళతో పట్టి లాగుతూ. "కూర్చోగా కూర్చోగా కుంగుద్దండి నులక. కుంగితే కాళ్ళవైపు తాడు బిగించుకోటమే. మంచమన్నాక అంతేగా."

ప్రారంభోత్సవానికి చైర్మన్‌గారు వచ్చారు. చైర్మన్‌గారు భారీ మనిషి. బెంచీకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. తెల్లబట్టలకి పసుపు అంటుతుందని ఆయన కాసేపు వెనకాడి, తువ్వాలు పరిపించుకుని కూర్చున్నారు. పక్కన కమిషనర్‌గారు కూర్చున్నారు. ఫొటోలు తీశారు. సౌగంధి జనంలో నిలబడి ఫణి చిటికెనవేలు పట్టుకుంది. "వాళ్ళు లేవగానే మనమే," అంది చెవిలో.

వాళ్ళు లేచారు. కాని వాళ్ళ వెనకే ఇంజనీరుగారు టేపు పట్టుకుని బెంచీ మీదికి వంగారు. కొలవడం ఆయనకి అలవాటు. ప్రారంభోత్సవానికి ముందు కొలిచారు, ఇప్పుడు మళ్ళీ కొలిచారు. ఆయన ముఖం పాలిపోయింది.

"సార్, బెంచీ ముప్పావంగుళం తగ్గింది."

"ఎవరు తీసుకెళ్ళారు?" అన్నారు కమిషనర్‌గారు.

సౌగంధి ముందుకొచ్చింది. "ఎవరూ తీసుకెళ్ళలేదు సార్. నులక కదా, కూర్చుంటే కుంగుతుంది. బిగిస్తే సరిపోతుంది."

"కూర్చుంటే కుంగుతుంది." కమిషనర్‌గారు ఆ మాటని నెమ్మదిగా తనలో తాను చదువుకున్నారు. "అంటే ప్రజలు కూర్చోవడం వల్ల ప్రజల ఆస్తికి నష్టం వాటిల్లుతోందన్నమాట."

"నష్టం కాదు సార్. ఊరికే కిందికి దిగుతుంది."

"చూడమ్మా, ప్రభుత్వ ఆస్తి ఏదైనా మంజూరైన మట్టం నుంచి కిందికి దిగితే దాన్ని నష్టమనే అంటారు."

మర్నాటికి బోర్డు వెలిసింది. "ఇది ప్రజలు కూర్చొనుటకై ఏర్పాటు చేయబడిన బెంచీ. కూర్చొనరాదు."

ఆ తరవాత పనులు చకచకా సాగాయి. సహజ పదార్థం ఎండకి బీటలిస్తుంది కాబట్టి పైన రేకుల షెడ్డు వేశారు. రేకుల షెడ్డు గాలికి ఎగరకుండా సిమెంటు స్తంభాలు పోశారు. బెంచీని ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ ఇనపరాడ్ల కంచె కట్టారు. దాంతో గట్టు మీదికి వచ్చినవాళ్ళకి నిజంగానే సౌకర్యం ఏర్పడింది. షెడ్డు నీడలో, స్తంభానికి ఆనుకుని, కంచె మీద మోచేతులు పెట్టుకుని హాయిగా నిలబడి బెంచీని చూసేవారు. విడదీసి కలుపుకొను వీలు ఉన్నట్టు రుజువుగా ప్రతి శనివారం ఇద్దరు సిబ్బంది వచ్చి బెంచీని విడదీసి, మళ్ళీ కలిపి వెళ్ళేవారు. చేతులు పెట్టుకునే భాగాలు మాత్రం తగిలించలేదు. వాటికి వేరే మంజూరు రావాలట.

నులకని మంజూరైన మట్టంలో ఉంచడానికి ఒక మనిషి కావాలి. నూకరత్నాన్ని కుంగుబాటు పర్యవేక్షకురాలిగా నియమించారు. ఖాకీ కోటు, ఈల, టేపు ఇచ్చారు. మొదటి రోజు ఆమె ఆ కోటు వేసుకుని వీధి వీధంతా నవ్వించింది. రెండోరోజు ఈల ఊదింది. మూడోరోజు నుంచి నవ్వడం మానేసింది.

సౌగంధీ ఫణీ ఒక సాయంత్రం కంచె దగ్గరికి వెళ్ళారు. బెంచీ మీద నులక మద్దెలలా బిగిసి ఉంది.

"రత్నం, ఒక్క పది నిమిషాలు," అంది సౌగంధి.

"దరఖాస్తు చేసుకోండమ్మా."

"అదేమిటి, నేనే కదా గీశాను. నువ్వే కదా అల్లావు."

"అది వ్యక్తిగత హోదాలోనండి. ఇప్పుడు విధి నిర్వహణలో ఉన్నానండి."

ఫణి కంచె మీదికి వంగాడు. "మేం కూర్చోం. ఊరికే అలా వంగి చూస్తాం."

"వంగటం కూర్చునే ఉద్దేశం కింద పరిగణించబడుద్దండి," అని నూకరత్నం ఈల నోటి దాకా తీసుకెళ్ళింది.

ఇంటికి తిరిగొచ్చి వరండాలో ఉయ్యాలబల్ల మీద కూర్చున్నారు. బామ్మగారు ఎంతో ప్రేమగా జరిగి చోటిచ్చి, ఇద్దరూ సర్దుకున్నాక లేచి వచ్చి మధ్యలో కూర్చున్నారు.

"నా చేత్తో గీసుకున్న బెంచీ," అంది సౌగంధి, బామ్మగారి మీదుగా. "ఊళ్ళో కుక్క కూడా పడుకోడానికి లేదు దాని మీద."

"కుక్కలకి దరఖాస్తు రాయడం రాదుగా," అన్నాడు ఫణి.

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఫణి అది చూశాడు. బామ్మగారి వెనకనుంచి చెయ్యి చాపి ఆమె జడ కొసని వేలికి చుట్టుకున్నాడు. ఆ రాత్రికి అదే దక్కింది.

మర్నాడు ధైర్యం చేసి కమిషనర్‌గారిని అడిగేద్దామని సౌగంధి ఆయన గదికి వెళ్ళింది. అక్కడ అప్పటికే గొడవగా ఉంది. రాజధాని నుంచి సహజ వీధి పురస్కారం కోసం పరిశీలకుడు రేపు సాయంత్రం వస్తున్నాడని కబురు. దానికి ఒక నిబంధన ఉంది: ప్రజలు విరివిగా వినియోగిస్తున్నట్టు ఉపకరణము మీద స్పష్టమైన ఆనవాళ్ళు కనిపించవలెను.

"మన కుంగుబాటు సున్నా సార్," అన్నారు ఇంజనీరుగారు గర్వంగా. "కంచె కట్టిన నాటి నుంచి వెంట్రుకవాసి దిగలేదు."

"అంటే ఎవరూ కూర్చోలేదని తెలిసిపోతుంది."

"ఎవరూ కూర్చోకుండా మనమే చూశాం సార్."

కమిషనర్‌గారు ఆ నిబంధనని మరోసారి చదువుకున్నారు.

"రేపు సాయంత్రానికి రెండంగుళాల కుంగుబాటు కావాలి," అన్నారు కమిషనర్‌గారు.

"ఇసుక బస్తాలు పెట్టిద్దాం సార్. ఇసుక సహజ పదార్థమే."

"చేతిపని కాదు. పైగా బస్తా ప్రజల కిందికి రాదు."

"పోనీ ప్రజల్నే కూర్చోమందామా సార్?"

"ప్రజలు కూర్చోవాలంటే దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు పరిశీలనకు నెల గడువుంది. మనం పెట్టిన గడువును మనమే ఎలా ఉల్లంఘిస్తాం? సిబ్బందిలో ఎవరినైనా విధుల్లో భాగంగా కూర్చోబెట్టాలి."

సౌగంధి చెయ్యెత్తింది. "నేను కూర్చుంటాను సార్. నేనూ, మా ఆయనా."

"మీ ఆయన మన ఉద్యోగి కాడే."

"ఆయన నాకు అనుబంధ భాగం సార్. విడదీసి కలుపుకోవచ్చు."

కమిషనర్‌గారు ఉత్తర్వు మళ్ళీ తీసి చూశారు. అభ్యంతరం కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పెట్టెడు ఇడ్లీలు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని బెంచీ ఎక్కారు. నూకరత్నం కంచె తాళం తీసి, లోపలికి పంపి, మళ్ళీ తాళం వేసింది. సౌగంధి కాళ్ళు చాపుకుంది. కాళ్ళకి నేల తగలనంత ఎత్తులో కూర్చోవడం ఎంత బాగుంటుందో ఆమెకి చిన్నప్పటి తరవాత మళ్ళీ ఇప్పుడే తెలిసింది. లాకుల్లోంచి నీళ్ళు దూకుతున్నాయి. తీగ మీద లకుముకిపిట్ట ఒకటి చాలాసేపు ఆలోచించి నీళ్ళలోకి దూకి, ఏమీ దొరక్క, ఎవరూ చూడలేదన్నట్టు వచ్చి మళ్ళీ తీగ మీద వాలింది. అరచెయ్యి నులక మీద ఆనించి తీస్తే చేతి మీద గళ్ళు పడ్డాయి. ఫణి చెయ్యి కూడా ఆనించి తీసి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

మధ్యాహ్నానికి నూకరత్నం టేపు పెట్టింది. "అంగుళం కూడా దిగలేదండి. సాయంత్రానికి రెండు కావాలి."

"ఇద్దరం చెరో చివరా కూర్చుంటే దిగదు," అన్నాడు ఫణి, క్లాసులో చెప్పినంత గంభీరంగా. "బరువు మధ్యలో పడాలి."

"అంటే?" అంది సౌగంధి.

"అంటే దగ్గరికి జరగాలి. ప్రభుత్వ ప్రయోజనాల దృష్ట్యా."

ఆమె జరిగింది. సాయంత్రానికి రెండంగుళాలూ వచ్చాయి.

పరిశీలకుడు నీలాచలంగారు సన్నటి మనిషి. ఖద్దరు సంచీ తగిలించుకుని ఉన్నారు. షెడ్డుని చూడలేదు, కంచెని చూడలేదు. తిన్నగా వచ్చి బెంచీని వాసన చూశారు. చెవి ఆనించి విన్నారు. ఆ తరవాత మధ్యలో పడిన గుంటని వేళ్ళతో తడిమి, కళ్ళు మూసుకుని, "ఈ లోతు ఏమిటి?" అన్నారు.

"వినియోగపు ఆనవాలండి," అన్నారు ఇంజనీరుగారు చెమట తుడుచుకుంటూ.

"కాదు," అన్నారు నీలాచలంగారు. "ఇది ఈ ఊరి అంతరంగం. ఇద్దరు మనుషులు, ఒక కాలువ, కాస్త లోతు. ఇంతటి సహజమైన కుంగుబాటు నేను ఏ పట్టణంలోనూ చూడలేదు. ఇది రాష్ట్రానికి ప్రమాణం కావాలి."

కమిషనర్‌గారు తక్షణమే తల ఊపారు. తానూ మొదటి నుంచీ కుంగుబాటునే ప్రోత్సహిస్తూ వచ్చానని చెప్పారు.

పురస్కారం వచ్చింది. దాని వెనకే కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట అన్ని పట్టణాల్లోని నులక బెంచీలూ రేవులపాడు బెంచీ కుంగినంతే కుంగాలి, ఎక్కువ తక్కువలు కూడదు. ఆ కుంగుబాటు పనిముట్లతో కాక మనుషులు కూర్చోగా సహజంగా ఏర్పడాలి. మూలప్రమాణం చెదరకుండా రేవులపాడులో అదే దంపతులు ప్రతిరోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు ఆ బెంచీ మీద కూర్చోవాలి. వారిని ప్రమాణ దంపతులు అని వ్యవహరించాలి. వారు బరువు పెరగరాదు, తగ్గరాదు. మూడో మనిషి వారి మధ్య కూర్చోవడం ప్రమాణాన్ని తారుమారు చేసినట్టుగా భావించబడుతుంది.

ఆ చివరి వాక్యాన్ని సౌగంధి ఇంట్లో పైకి చదివి వినిపించింది. రెండుసార్లు వినిపించింది.

అత్తయ్యగారు మురిసిపోయారు. ఆరు కొట్టకముందే కొడుకునీ కోడలినీ గుమ్మం దాకా తరిమేవారు. "గవర్నమెంటు డ్యూటీ. ఆలస్యమైతే మాటొస్తుంది," అనేవారు. పక్కింటావిడతో గోడ మీదుగా, "మా వాళ్ళు కూర్చుంటేనండీ, రాష్ట్రమంతా కొలుచుకుంటారు," అని చెప్పుకునేవారు.

అలా సౌగంధి కోరిక తీరింది. ఆమె కోరుకున్నదానికన్నా కాస్త ఎక్కువే తీరింది. వాన పడితే కూర్చున్నారు. పండగొస్తే కూర్చున్నారు. ఫణికి జలుబు చేస్తే ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఇంతలో ఒకరోజు వాళ్ళిద్దరికీ పెళ్ళయ్యాక మొట్టమొదటి తగువు వచ్చింది. పుట్టింటి నుంచి వచ్చిన పూతరేకుల్లో చివరిది సౌగంధి డబ్బాలో దాచుకుంది. అది మాయమైంది. ఫణి ఏమీ ఎరగనట్టు, "బామ్మ తినుంటుంది," అన్నాడు. బామ్మగారు పాపం తిననిది తినలేదనడానికి కూడా మొహమాటపడ్డారు. సౌగంధికి పూతరేకు పోయినందుకు కాదు, ఆ మొహమాటం చూసి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచీ మాట్లాడలేదు.

ఆరయింది. డ్యూటీ డ్యూటీయే. గట్టు దాకా పది బారల దూరంలో ముందూ వెనకా నడిచి వచ్చారు. ఆమె బెంచీకి ఈ చివర కూర్చుంది. అతను ఆ చివర కూర్చున్నాడు. ఆమె లాకుల వైపు చూసింది. అతను షెడ్డు రేకుల వైపు చూశాడు.

నూకరత్నం వంగి టేపు పెట్టి, లేచి, మళ్ళీ వంగింది. "కొలత రావట్లేదండి."

"రాకపోతే రాయకు," అంది సౌగంధి.

"అలా కుదరదండి. పక్క ఊళ్ళో బెంచీ సగం అల్లి మీ కొలత కోసం ఎదురు చూస్తన్నారండి. ఏదైనా ఉంటే ఇంటికెళ్ళాక చూసుకోండి. ఇక్కడ మీరు వ్యక్తిగత హోదాలో లేరు."

సౌగంధి బిగుసుకుని కూర్చుంది. కాని ఇన్నాళ్ళ సాయంత్రాల గుంట మధ్యలో ఉంది. చివర కూర్చున్నవాళ్ళని అది ఊరుకోనివ్వదు. మొదట చీర జారింది. తరవాత ఆమె జారింది. చట్రం అంచు పట్టుకుంది, వేళ్ళు నొప్పెట్టాయి. చేతులు పెట్టుకునే భాగాలకి మంజూరు ఇంకా రాలేదు. అవతలి చివర ఫణి పరిస్థితీ అదే. అతను మాత్రం దేన్నీ పట్టుకోలేదు.

భుజానికి భుజం తగిలింది.

"బామ్మ కాదు. నేనే తిన్నాను," అన్నాడు ఫణి, కాలువతో చెబుతున్నట్టు.

"తెలుసు."

"ఇంటికెళ్ళగానే బామ్మతో చెప్తాను."

"ముందు ఆవిడతో చెప్పు. నాతో తరవాత."

"సరే. కాని పూతరేకు చాలా బాగుంది," అన్నాడు.

ఆమెకి కోపం ఇంకా కొంత మిగిలి ఉంది. కాని దాన్ని పెట్టుకోడానికి మధ్యలో చోటు లేదు. తల అతని భుజం మీదికి వాలింది. సొట్ట ఉన్న బుగ్గ అటువైపు ఉండిపోయింది, అయినా ఉందని తెలుస్తూనే ఉంది.

నూకరత్నం మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. "వచ్చేసిందండి. సరిగ్గా రెండంగుళాలు. ఇక కదలకండి."

వాళ్ళు కదల్లేదు. లాకుల దగ్గర దీపాలు వెలిగాయి. నూకరత్నం చేతి గడియారం చూసుకుంది, వాళ్ళని చూసింది, మళ్ళీ గడియారం చూసుకుంది.

"ఏడయిందండి. లేవచ్చు."

ఎవరూ లేవలేదు.

"ఏడు దాటి కూర్చుంటే అదనపు కుంగుబాటు అవుద్దండి. దానికి వేరే ఉత్తర్వు కావాలి."

"రేపు తెప్పిస్తాలే," అంది సౌగంధి, తల ఎత్తకుండానే.